ఒంటి తుమ్ము

అయినా తుమ్మడం నేరమా, తుమ్ము ఎవరి చేతుల్లో ఉంటుంది అని ఎవరినైనా అడగొచ్చు, అడిగితే ఎవరూ కాదనరు, మిరపకాయల కోల్డ్ స్టోరేజీలోకి వెళ్ళి తుమ్మకుండా బయటికొచ్చిన కొత్త మనిషి ఎవరున్నారు గనక. కాని ఆ తుమ్ము దానంతటది రాలేదు. బిందుమాధవి దాన్ని తయారు చేసింది. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, భుజాలు కాస్త పైకెత్తి, గొంతులోంచి శబ్దం చేసి, లేని తడిని కళ్ళలోంచి తుడుచుకుంది కూడా. ఈ సంగతి లోకంలో ఆమెకొక్కదానికే తెలుసు. ఒక్క మనిషికి మాత్రమే తెలిసిన సంగతి ఇంత చోటు ఎలా ఆక్రమిస్తుందో, ఇంత పెద్ద ఆఫీసు గదిలో తనకి కాళ్ళు చాపుకునేందుకు కూడా జాగా లేనట్టు ఎందుకనిపిస్తోందో అనుకుంటూ, ఆమె బల్ల మీది కాగితాన్ని ఇంకో బెత్తెడు అవతలికి జరిపింది.

గోడగడియారం పదకొండుంబావు చూపిస్తోంది. పన్నెండింటికి యజమాని నాగేంద్రబాబు చిలకలూరిపేట నుంచి ఎస్సైని వెంటబెట్టుకుని వస్తాడు. ఈలోగా ఆమె ఆ కాగితం మీద సంతకం పెట్టి ఉంచాలి. సగం పేజీ ఇంగ్లీషు, వకీలు రాసిన ఇంగ్లీషు. పోయినేడాది మార్చి ముప్పై ఒకటిన తాను ఆడిట్ తరఫున ఈ కోల్డ్ స్టోరేజీకి వచ్చినట్టు, మూడో గదిలో బస్తాలు పేర్చిన పెద్ద నెట్టు మీదికి స్వయంగా ఎక్కి చూసినట్టు, నాలుగు వేల రెండు వందల మిరప బస్తాలు పూర్తిగా ఉన్నట్టు. ఇందులో కొత్త మాట ఒక్కటీ లేదు. ఏడాది కింద ఆమె తన చేత్తో టైపు చేసిన మాటలే తిరిగి ఆమె దగ్గరికొచ్చాయి, ఊళ్ళన్నీ తిరిగి ఇంటి గుమ్మం ముందు నిలబడ్డ కుక్కలాగా. మొన్న బ్యాంకు వాళ్ళు అప్పుకి హామీగా ఉన్న సరుకుని ఇంకో గదికి మార్పించబోతే ఆ నెట్టు నడుమ పాతరలా గొయ్యి బయటపడింది. చుట్టూ నాలుగు వైపులా నిండు గోడలు, మధ్యలో ఆరువందల నలభై బస్తాల ఖాళీ. ధర పడిపోవడంతో ఏడాదిగా ఎవరూ ముట్టని నెట్టు. తాళాలు ఉండేది హమాలీల మేస్త్రి అబ్దుల్ ఖాదర్ దగ్గర. పోయినేడు ఆడిట్ వాళ్ళు పైకెక్కి చూసినప్పుడు గొయ్యి లేదు కాబట్టి, తర్వాత ఖాళీ చేసింది ఖాదరేనని యజమాని మాట. లెక్క ఎంత చక్కగా కుదిరిందో. ఆడిట్ ఫారంలో ఆమె పెట్టిన టిక్కు లేకపోతే ఆ లెక్క కుదరదు.

చూసినా కనిపించకపోవడం కాదు, చూడటానికి ఆమె అసలు ఎక్కనే లేదు. ఎక్కడానికి అంతా సిద్ధంగా ఉంది. ఆ రోజు మూడో గదిలో చలికి ఊపిరి తెల్లగా కనపడుతోంది, అందరూ చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డారు. హైదరాబాద్ నుంచి తనతో వచ్చిన మేనేజర్ మెహర్ రెండు మాస్కులు కట్టుకుని కూడా దగ్గుతోంది. అడ్డం ముప్పై, ఎత్తు పధ్నాలుగు, లోతు పది అని బిందుమాధవి బయటి వరసలు లెక్కపెట్టుకుంటూ వెళ్తుంటే, ఎవరూ అడక్కుండానే ఖాదర్ వెదురు నిచ్చెన తెచ్చి నెట్టుకి ఆనించాడు. కింది మెట్టు మీద పాదం అదిమిపెట్టి, "ఎక్కి చూసుకోండి మేడమ్" అన్నాడు. మేడమ్ అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతను ఆమె ముఖంలోకి చూడలేదు, మెహర్ బూట్ల వైపు చూశాడు. ఆమె కుడి పాదం అప్పటికే చెప్పులోంచి బయటికొచ్చింది, తనకి తెలియకుండానే, గోనె మీద కాలి వేళ్ళు ఎక్కడ పట్టు దొరికించుకోవాలో ఆ పాదానికి గుర్తుంది. అసలు నిచ్చెనే అక్కర్లేదు. మూలన రెండు బస్తాల చెవులు పట్టుకుని మోకాలు ఒకసారి ఆనిస్తే చాలు, మూడు ఊపుల్లో పైన ఉంటుంది. అప్పుడు మెహర్ మాస్కు కిందికి లాగి, అరె బిందూ, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు అంటుంది. ఆ ప్రశ్న ఆమెకి ముందే వినిపించింది. పాదాన్ని వెనక్కి చెప్పులో పెట్టుకుంది. చేతిరుమాలు తీసింది.

"ఒంటి తుమ్మండీ" అన్నాడు నాగేంద్రబాబు, ఎంతో నొచ్చుకున్నట్టు. "ఎక్కబోయేముందు ఒంటి తుమ్ము మంచిది కాదు. పదండి పదండి, కాసిని మంచినీళ్ళు తాగి వద్దురుగాని."

మెహర్ నవ్వింది, మీ ఊరి మిరపకాయే నీకు పడదా అని ఇంగ్లీషులో అంది. అందరూ బయటికొచ్చారు. మంచినీళ్ళు, మజ్జిగ, జీడిపప్పు, తర్వాత రెండో గది, నాలుగో గది. మూడో గదికి మళ్ళీ ఎవరూ వెళ్ళలేదు. వెనక్కి తిరిగి చూసినప్పుడు ఖాదర్ ఇంకా ఆ నిచ్చెన మీద పాదం పెట్టుకునే ఉన్నాడు, ఎవరో పైన ఉన్నట్టు, దిగేదాకా కదలకూడదన్నట్టు.

మిరప ఘాటు ఆమెకి పడకపోవడమేమిటి. కల్లాల్లో పుట్టి పెరిగింది. అమ్మ మాణిక్యమ్మ సత్తెనపల్లి చుట్టుపక్కల కల్లాల్లో కాయలకి తొడాలు తీసే కూలీ, ఇప్పటికీ తీస్తోంది. సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ చేతులు మజ్జిగలో ముంచుకుని కూర్చునేది, ఎంతసేపు ముంచినా వేళ్ళ సందుల్లో మంట మిగిలే ఉండేది, ఆ వేళ్ళతోనే తలదువ్వి జడలు వేసేది, పాపిడి దగ్గర చర్మం చుర్రుమనేది. బళ్ళో పక్కన కూర్చున్న పిల్ల నీ తల దగ్గర తుమ్ములొస్తున్నాయే అని జరిగి కూర్చుంది ఒకసారి. అప్పుడు ఆమెకి తొమ్మిదేళ్ళు. తన ఒంట్లోంచి ఒక వాసన ఎప్పుడూ వస్తూనే ఉంటుందని, అది తనకి తప్ప అందరికీ తెలుస్తుందని ఆ రోజు మొదలైన అనుమానం, హైదరాబాద్‌లో పద్దెనిమిదో అంతస్తులో కూర్చున్నా పోలేదు. లిఫ్టులో ఎవరైనా ముక్కు రుద్దుకుంటే ఆమె ఒకడుగు వెనక్కి జరుగుతుంది. నాన్న అంకారావు గుంటూరు మిర్చి యార్డులో హమాలీ, ఖాదర్ ఇక్కడికి మేస్త్రిగా రాకముందు అక్కడ నడిపిన ముఠాలో ఇరవయ్యేళ్ళు మోశాడు. సెలవుల్లో బస్సులో అన్నం క్యారియర్ తీసుకెళ్ళి, వాళ్ళు తినేదాకా నెట్ల మీద ఎక్కి తిరగడం ఆమె ఆట. ఒసేయ్ దిగవే, పడితే మీ అమ్మ నన్ను చంపుద్ది అని కింద నుంచి ఖాదర్ బాబాయ్ అరిచేవాడు. పైన నిలబడితే యార్డు మొత్తం ఎర్రగా కనపడేది. దొంగ నెట్టు ఎలా ఉంటుందో, పైనుంచి చూస్తే మధ్యలో ఎలా కుంగి ఉంటుందో, అలాంటి చోట ఎందుకు అడుగు వెయ్యకూడదో ఆమెకి చెప్పింది కూడా ఆయనే. ఆడిట్ పుస్తకాలు ఆ తర్వాత పదిహేనేళ్ళకి చెప్పాయి.

పెద్ద సంస్థలో చేరిన మొదటి వారం, కొత్తవాళ్ళందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి మీ గురించి చెప్పండి అన్నారు. ఒకమ్మాయి తండ్రి జడ్జి, ఇంకొకడి తల్లి కాలేజీ ప్రిన్సిపాల్. బిందుమాధవి వంతు వచ్చేసరికి నాలుక మీద వాక్యం సిద్ధంగా ఉంది. మాది గుంటూరు, నాన్నగారిది మిర్చి బిజినెస్. అబద్ధం అనిపించలేదు అప్పుడు, వీపు మీద మోసేది కూడా మిర్చే కదా. తర్వాత ఆ వాక్యం పిల్లల్ని పెట్టింది. బిజినెస్ అయితే గోడౌన్ ఉంటుంది, గోడౌన్ ఉంటే కారు ఉంటుంది, కారు ఉంటే ఒకసారి మీ ఊరు తీసుకెళ్ళవా అంటారు, తీసుకెళ్ళకుండా ఉండాలంటే అమ్మకి ఎప్పుడూ ఆరోగ్యం బాగుండకూడదు. నాలుగేళ్ళుగా ఆమె అమ్మ హైదరాబాద్‌లో జబ్బుమనిషి. సత్తెనపల్లిలో మాత్రం రోజుకి ముప్పై కిలోల కాయలకి తొడాలు తీస్తోంది. సీఏ పాసయినప్పుడు హమాలీలు తలా యాభై వేసుకుని యార్డు గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టించారు, హమాలీ బిడ్డ ఆడిటర్ అని, పక్కన ఆమె ఫోటో, ఆ పక్కన తలపాగాతో ఖాదర్ నవ్వుతూ. ఎవరైనా ఫోటో తీసి ఎక్కడైనా పెడతారేమోనని ఆమెకి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఎండకి రంగు పోతోంది నాన్నా, తీయించెయ్ అంది ఫోన్లో. నాన్నకి అర్థం కాలేదు. ఖాదర్‌కి అయి ఉంటుంది, మారుమాట లేకుండా తనే నిచ్చెనేసి విప్పి మడతపెట్టి ఇచ్చాడట. ఇప్పుడది అమ్మావాళ్ళ వంటగది రేకుల మీద ఉంది, వాన కారకుండా, ఆమె ముఖం కింది వైపుకి ఉండేట్టు.

ఆ మార్చి సాయంత్రం గుంటూరు హోటల్ గదిలో లాప్‌టాప్ తెరిచినప్పుడు ఫారంలో పదకొండో ప్రశ్న అడిగింది, సరుకు మీదికి ఎక్కి లోపలి భాగం పరిశీలించారా అని. అవును, కాదు. కాదు అని టిక్కు పెడితే కింద ఇంకో గడి తెరుచుకుంటుంది, కారణం రాయండి అని. ఆ గడిలో ఏం రాయాలి. ఆమె చాలాసేపు దాన్ని చూసింది. అవును నొక్కితే గడి మూసుకుపోయింది. ఎంత సులువుగా. కళ్ళు మూసినంత సులువుగా. జూన్‌లో మెహర్ ఆమె ఫైలు అందరి ముందు తెరమీద వేసి, ఇంత శుభ్రమైన పని రెండేళ్ళలో చూడలేదంది. రేటింగ్ వచ్చింది, తోటివాళ్ళకంటే ఏడాది ముందు అసిస్టెంట్ మేనేజర్ అయింది, కొత్తగా చేరినవాళ్ళకి సరుకు లెక్క ఎలా చెయ్యాలో క్లాసు చెప్పమన్నారు. చెప్పింది. బయటి వరసల్ని నమ్మకండి, ఎవరు ఏం చెప్పినా పైకెక్కి మీ కళ్ళతో చూడండి అంది. ముప్పైమంది రాసుకున్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకి సిగ్గు వెయ్యలేదు, అదే ఇప్పుడు సిగ్గుగా ఉంది. మాట బాగా వచ్చిందని సంతోషించింది. చప్పట్లు కొట్టారు.

పొద్దున మెహర్ ఫోన్లో అన్నది కూడా అదే గొంతుతో, కంగారు లేని గొంతుతో. "ఫైల్లో ఉన్నదే కదా, కొత్తగా ఏమీ అడగట్లేదు. సంతకం పెట్టి బయల్దేరు. నువ్వు పెట్టకపోతే మరి ఫైల్లో ఎందుకలా ఉంది అంటారు. అప్పుడు నువ్వూ ఉండవు, నేనూ ఉండను." ఏప్రిల్‌లో మేనేజర్ ప్రమోషన్ లిస్టు. నాన్న నడుం ఆపరేషన్‌కి ఆఫీసు ఇన్సూరెన్సు. ఇవన్నీ నిజమైన కారణాలే, వరసగా పేర్చుకుంటే ఏ వైపు నుంచి చూసినా నిండుగా కనపడతాయి.

ముఖం కడుక్కుందామని బయటికి వచ్చింది. కాటా పక్కన కుళాయి, ఆ పక్కన సిమెంటు దిమ్మె మీద ఖాదర్ కూర్చుని ఉన్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. ఎస్సై వచ్చేదాకా కదలొద్దన్నారట. ఆమె ముందు చుట్టూ చూసింది, ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే అతని వైపు చూసింది. ఆమె అలా చుట్టూ చూడటం అతను చూశాడు.

"మీ నాన్న నడుం ఎట్టా ఉందమ్మాయ్?"

"అట్టాగే ఉంది బాబాయ్." ఆ మాట తన నోట్లోంచి అలా రావడం విని ఎన్నేళ్ళయిందో.

"బెల్టు కట్టుకోమంటే కట్టుకోడు. మొండిఘటం." దిమ్మె మీద కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు. "పోయినేడు ఎక్కుంటే ఏం పోయేదే నీకు? చిన్నప్పుడు వద్దంటే ఎక్కేదానివి, ఉడతపిల్లలాగా."

ఆమె కుళాయి తిప్పింది.

"నిచ్చెన ఊరికే ఏశాననుకున్నావా? నడుమ గొయ్యుందని నా నోటితో నేను చెప్తే నా కూడు పోద్ది. నీ కళ్ళతో నువ్వు చూసుకుంటే నీ ఉజ్జోగం నువ్వు చేసినట్టుంటది అనుకున్నా."

"ఇప్పుడు చెప్పొచ్చుగా బాబాయ్, నేను ఎక్కలేదని."

"చెప్పానే. గుమస్తా కోటేషుకి చెప్పా, అయ్యగారికీ చెప్పా. నవ్వారు. ఆవిడ కాగితం ఉండగా నీ మాట ఎవడిక్కావాలిరా అన్నారు." కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నువ్వు అంకారావు కూతురివని మాత్రం చెప్పలా. అది చెప్తే, తెలిసినోళ్ళని ఇద్దరూ కూడబలుక్కున్నారంటారు. నీకూ ఇబ్బంది."

ఆఫీసు మెట్ల మీద చెప్పుల చప్పుడైంది, గుమస్తా కోటేష్ ఫైళ్ళతో దిగి వస్తున్నాడు. ఖాదర్ దిమ్మె మీంచి లేచి, కండువా భుజం మీంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. "నీళ్ళు బాగానే వస్తన్నాయి మేడమ్" అన్నాడు గట్టిగా. "కడుక్కోండి."

తిరిగి గదిలోకి వచ్చి కూర్చున్నాక చాలాసేపు ఆమెకి ఆ రెండు మాటల మధ్య దూరమే చెవుల్లో ఉండిపోయింది, నీకు అన్న మాటకీ, కడుక్కోండి అన్న మాటకీ మధ్య. ఆమె అడగకుండానే అతను ఆమె కోసం ఆ దూరాన్ని నడిచాడు, ఈ రోజు కూడా, మెడ మీదికి కేసు వస్తున్న రోజు కూడా. కోపగించుకుని ఉంటే బాగుండేది. అందరి ముందూ ఇది మా హమాలీ కూతురు, మిరప ఘాటుకి తుమ్మే మనిషి కాదు అని అరిచి ఉంటే, ఆమెకి తప్పించుకునేందుకు ఏదో ఒకటి దొరికేది, కోపం తెచ్చుకునేందుకైనా. ఎవరూ బయటపెట్టని మనిషికి తనను తాను దాచుకోవడం తప్ప వేరే పని ఉండదు, పొద్దస్తమానం అదే పని. పదకొండూ యాభై. సంతకం పెట్టకపోతే ఏమవుతుందో ఆమెకి తెలుసు, ఉద్యోగం పోతుంది, సీఏ సర్టిఫికెట్ మీదికి కూడా రావచ్చు, వాటికి భయం ఉంది, కాని తను అనుకున్నంత లేదు. అడుగున ఇంకేదో ఉంది. తడుముకుంటూ అక్కడిదాకా వెళ్ళింది. సంతకం పెట్టకపోతే అడుగుతారు, మరి ఎందుకెక్కలేదు అని. ఆ రోజు తెరుచుకున్న గడే మళ్ళీ. ఘాటు పడక అని రాయొచ్చు, భయమేసి అని రాయొచ్చు, ఒంట్లో బాగోలేక అనొచ్చు, ఎవరైనా నమ్ముతారు, జాలి కూడా పడతారు. ఎక్కితే మరీ బాగా ఎక్కుతానని ఎక్కలేదు అని ఎవరికి చెప్పాలి. ఇరవయ్యేళ్ళు మోసి మోసి నడుం విరిగిన మనిషిని ఒకసారి ఇంగ్లీషులో బిజినెస్‌మాన్ని చేశాను, ఆ బిజినెస్‌మాన్ పడిపోకుండా పట్టుకోవడానికి ఇవాళ ఇంకో హమాలీని దొంగని చెయ్యాలి. ఇంత చిన్నదా ఇది. ఇన్నేళ్ళుగా లోపల ఏదో పెద్ద రహస్యం మోస్తున్నట్టు నడిచింది, తీరా విప్పి చూస్తే ఇంతే. ఇంత చిన్నదానికి ఒక మనిషిని జైలుకి పంపొచ్చు. పంపినా ఎవరికీ తెలియదు. ఏప్రిల్‌లో మిఠాయి పంచుతారు. ఇంటికి ఫోన్ చేస్తే నాన్న చెప్తాడు, మన ఖాదర్‌ని పట్టుకెళ్ళారంటమ్మా, వాడు దొంగతనం చేశాడంటే నేన్నమ్మను అని. అవునా నాన్నా అనాలి ఆమె.

అవునా నాన్నా. ఆ రెండు మాటలు పెదవుల మీద పెట్టుకుని చూసింది. ఆ మాటలు వచ్చాయి. ఏ వణుకూ లేకుండా, మామూలుగా, చక్కగా వచ్చాయి. తను అలా అనగలదన్నదే ఆమెని భయపెట్టింది.

బయట కంకర మీద కారు టైర్ల చప్పుడు. ఆమె కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. వకీలు ఇంగ్లీషు మీద అడ్డంగా గీత పెట్టి, కింద మిగిలిన సగం పేజీలో తెలుగులో రాయడం మొదలుపెట్టింది. బడి తర్వాత తెలుగులో ఇంత రాయలేదు, అక్షరాలు పెద్దవిగా, పిల్లల రాతలా వస్తున్నాయి. పోయినేడాది నేను ఈ నెట్టు మీదికి ఎక్కలేదు. ఎక్కినట్టు అబద్ధం రాసింది నేనే. అబ్దుల్ ఖాదర్ గారు నిచ్చెన వేసి చూడమన్నా చూడలేదు. ఎక్కడం చేతకాక కాదు. అక్కడ కలం ఆగింది. కారు తలుపులు రెండు వేసిన చప్పుడు, నాగేంద్రబాబు ఎవరినో లోపలికి రమ్మని పిలుస్తున్న గొంతు. మా నాన్న ఈయన ముఠాలో హమాలీ అని నా తోటివాళ్ళకి తెలుస్తుందని, అని రాసి సంతకం పెట్టి, కింద పేరు, తండ్రి పేరు, తేదీ వేసింది.

తలుపు తోసుకుని ముందుగా వచ్చింది కోటేష్. "అయిందాండీ సంతకం? అయ్యగారొచ్చేశారు."

"అయింది" అంది ఆమె. కాగితం అతని చేతికి ఇచ్చింది. "మూడు జిరాక్సులు తీయండి. మొదటిది బయట కూర్చున్న ఖాదర్ బాబాయికి ఇచ్చి, ఆ తర్వాత లోపలికి తీసుకురండి."